కాటాకెక్కని సరుకు

తాడిపత్రిలో ప్రతిదీ కాటా ఎక్కుతుంది.
నల్లబండల లారీ ఎక్కుతుంది, సున్నపురాయి ట్రాక్టరు ఎక్కుతుంది,
పాత ఇనుము, చెనిక్కాయ బస్తాలు, చీనీకాయల గంపలు.
నేను తూచడానికొచ్చిన సరుకు మాత్రం
పదకొండింటికి కరెంటు పోగానే
పాలిష్ ఫ్యాక్టరీ రేకుల షెడ్డు వెనక గొట్టంలోంచి
నల్లగా దగ్గి, తర్వాత నీలమై, తర్వాత ఏమీ కనపడకుండా
పెన్న ఇసుక మీదుగా వెళ్ళిపోతుంది.

నా చేతిలో ఒక ఫారం.
రాష్ట్రంలో నూనె కాల్చి పుట్టించిన కరెంటెంత,
దాని వెంట పుట్టిన బొగ్గుపులుసు గాలెంత.
పద్నాలుగు గళ్ళు.
పదమూడోది లెక్క దానంతటదే వేసుకుంటుంది.
పద్నాలుగోది: ఇతర వివరాలు. దాన్ని ఎవరూ నింపరు.

జనరేటరు చూసుకునే కుళ్ళాయప్పకి చదివి వినిపించాను.
లీటరు డీజిలు ఎనిమిదివందల ముప్పై గ్రాములు తూగుతుంది,
కాలితే రెండు కిలోల ఆరువందల ఎనభై గ్రాముల గాలవుతుంది.
ఆయన నవ్వలేదు. నూనెగుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకుని
"కాలితే తగ్గాల గదమ్మా, పెరుగుతాదా?" అన్నాడు.
"చుట్టూ ఉన్న గాలి కూడా వచ్చి కలుస్తుంది."
"అట్లనా. అంటే మేము పీల్చుకునేది గూడా
యెంటబెట్టుకోని పోతాండాదన్నమాట."
కాలేజీలో ఈ పాఠానికి
నాకు తొంభైరెండు మార్కులొచ్చాయి.
ఇంత దగ్గరగా మాత్రం చదవలేదు.

రిజిస్టరులో రోజుకు నలభైఒక్క లీటర్లు.
అన్ని రోజులూ ఒకే సిరా, ఒకే వంపు, కింద యజమాని సంతకం.
షెడ్డు గోడకు ఆనించిన, అమ్ముడుపోని పగులుబండ మీద
సుద్దగీతల లెక్క వేరే ఉంది.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం, నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
వెదురుపుల్ల ట్యాంకులో ముంచి
తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసి
కుళ్ళాయప్ప తన కోసం గీసుకున్నవి.
నిన్నటి వరుస లెక్కపెట్టాను.
ముప్పైఎనిమిది.

"మూడు లీటర్లు?"

ఇంజను చప్పుడులో వినపడనట్టు నిలబడ్డాడు.
తర్వాత క్యారియరు విప్పి, జొన్నరొట్టె సగం తుంచి,
మీద ఇంత ఊరిబిండి పెట్టి, నా ఫారం మీదే పెట్టాడు.
"తిను. చెప్తా."

సందు చివర ఓబులమ్మ పిండిమర. పాత డీజిలింజను.
రోజూ ఒక చిన్న క్యాను అక్కడికి పోతుంది.
"దుడ్లు తీసుకోను. పిండి తీసుకుంటా.
రాసుకో మ్మా, నలభైఒకటే రాసుకో.
యాడ కాలినా కాలిందే గదా."

దూరంగా కొండమీద గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి,
వాటి తీగలు మా తలల మీదుగా
ఇంకే ఊరి చీకటికో పోతున్నాయి.

ముప్పైఎనిమిది రాస్తే కాగితం నిజం చెబుతుంది,
సాయంత్రానికి ఈయన పని పోతుంది.
నలభైఒకటి రాస్తే ఆకాశం లెక్క సరిపోతుంది,
కాని పిండిమర కరెంటు పుట్టించదు,
అది వేరే ఆఫీసు వాళ్ళ ఫారం,
వాళ్ళు ఈ సందులోకి ఎప్పుడొస్తారో తెలీదు.
మూడు లీటర్లంటే ఎనిమిది కిలోల నలభై గ్రాములు.
అందులో ఏ కొంచెమో ఇప్పుడు నా నోట్లో ఉంది,
కాస్త మాడి, కాస్త కారంగా.

రొట్టె ఎత్తాను. అడుగున కాగితం మీద
గుండ్రంగా నూనె మరక,
సరిగ్గా పద్నాలుగో గడిలో.

కరెంటొచ్చింది. ఇంజను ఆగింది.
ఆ నిశ్శబ్దంలో పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.
రోడ్డవతల కాటా మీదికి బండల లారీ ఎక్కింది.
కిటికీలోంచి తల బయటపెట్టి
కాటా కుర్రాడు అరిచాడు:

"డ్రైవరుతోనా?
డ్రైవరు లేకుండానా?"